చలికాలం కొండ మీద పొద్దున్న హాయిగా గడవాలంటే ముందురోజు సాయంత్రమే చేసుకోవాల్సిన పనులు

"మీకేంట్రా, కొండ మీద ఇల్లు, చుట్టూ తోట, పొద్దున్నే మంచు, చేతిలో వేడి కాఫీ, రోజూ హాలిడేనే" అని వైజాగ్‌లో ఉద్యోగాలు చేసుకునే మా చుట్టాలందరిదీ ఒకటే పాట. సరే, వాళ్లనుకునే ఆ పొద్దున్న నిజంగానే ఉంది, కాదనను, కాకపోతే ఊరికే దొరకదు. డిసెంబర్‌లో ఐదింటికి లేచి చూస్తే పొయ్యి చల్లారిపోయి ఉంటుంది, బయట పెట్టిన కట్టెలు మంచుకి తడిసి ఉంటాయి, టార్చి ఎక్కడ పెట్టామో కనపడదు, కోళ్లు గూట్లో గోల, ఇవన్నీ సర్దుకుని పొయ్యి రాజేసి ఓ గ్లాసు కాఫీ పెట్టుకునేసరికి ఎండ నెత్తి మీదకి వచ్చేస్తుంది, ఇంక ఎంజాయ్ చేసేదేముంది, కొడవలి పట్టుకుని తోటలోకి దిగడమే. అందుకే చలికాలం పొద్దున్న తీరిగ్గా కూర్చోవాలంటే ముందురోజు సాయంత్రం నాలుగింటికే పని మొదలెట్టాలి. మా ఇంట్లో ఎలా జరుగుతుందో అలాగే చెప్తాను, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

మాది అల్లూరి జిల్లా చింతపల్లి మండలం, లంబసింగి పక్క కొండ. సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తు. తాత పోడు కొట్టి సాగు చేసిన భూమి, ఇప్పుడు అందులో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఓక్ చెట్లకి మిరియాల పాదులు, ఇంటి వెనక కాస్త పసుపు, రాజ్మా, చోళ్లు (రాగులు), కోళ్లు, కొన్ని మేకలు. నీళ్లు పైనున్న ఊటగెడ్డ, అంటే ఊట నీళ్ల వాగు నుంచి పైపులో వస్తాయి, మోటారు లేదు. కరెంటు ఉంది కానీ దాని ఇష్టం దానిది.

ఇది చదివి "మనమూ అక్కడో ఎకరం కొనేద్దాం" అనుకునేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, ఇది ఏజెన్సీ, షెడ్యూల్డ్ ఏరియా, 1970లో వచ్చిన వన్ ఆఫ్ సెవెంటీ చట్టం ప్రకారం గిరిజనేతరులకి ఇక్కడ భూమి అమ్మడం కుదరదు. బినామీ పేరుతో ఇప్పిస్తాం అనేవాళ్లు దొరుకుతారు, వాళ్ల మాట నమ్మితే డబ్బు పోతుంది, మా భూమీ పోతుంది. తెలంగాణలో ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు ఏజెన్సీ ఊళ్లకీ ఇదే చట్టం. కొండ కింద మైదానంలో మామిడితోటో జీడితోటో వేసుకుని ఉండేవాళ్లకి కూడా ఇందులో చాలామటుకు పనికొస్తాయి, మరీ ఇంత చలి ఉండదు, అంతే తేడా.

అసలు ఈ చలి ఎలా పడుతుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఆకాశం మబ్బు లేకుండా నక్షత్రాలు మిలమిలా కనపడుతున్నాయి, గాలి కూడా లేదు అంటే మర్నాడు పొద్దున్న చంపేసే చలి అని లెక్క, ఎందుకంటే పగలు నేల పట్టుకున్న వేడంతా రాత్రి పైకి పోతుంది, ఆపడానికి మబ్బు ఉండదు. మబ్బు పట్టిన రాత్రి తర్వాత అంత చలి ఉండదు. ఇంకోటి, చల్లగాలి బరువు, నీళ్లలాగే పల్లానికి జారి అక్కడే నిలబడిపోతుంది, అందుకే లోయలో చెరువు పక్కన ఉండే ఇళ్లకి ఉన్నంత చలి కొండ నడుమున ఉన్న ఇళ్లకి ఉండదు. ఎంత ఎత్తుకి పోతే అంత చలి అనుకుంటారు గానీ తెల్లారుజామున లెక్క తిరగబడుతుంది. మంచు కూడా ముందు లోయలోనే నిండుతుంది, పై నుంచి చూస్తే తెల్లగా మేఘాల సముద్రం, లంబసింగి దగ్గర చెరువులవేనం వ్యూపాయింట్‌కి, పాడేరు దగ్గర వంజంగి కొండకి జనం తెల్లవారుజామున మూడింటికే ఎగబడేది దీని కోసమే. కాబట్టి కూర్చునే చోటు చూసుకునేటప్పుడు కొంచెం మెరక, తూర్పు వైపు చెట్లు అడ్డు లేనిది, పడమటి నుంచి గోడ కాపు ఉన్నది చూసుకోండి. మాకు వంటింటి అరుగు అలా కలిసొచ్చింది. వరండా ఎంత అందంగా ఉన్నా పడమటి వైపు ఉంటే చలికాలం పది దాటేదాకా దాని జోలికి పోబుద్ధి కాదు.

ఒక రాత్రంతా చలి పెరుగుతూనే ఉంటుంది, అన్నిటికంటే తక్కువ టెంపరేచర్ సూర్యుడు వచ్చే వేళకి, ఇంకా చెప్పాలంటే వచ్చిన కాసేపటికి ఉంటుంది. డిసెంబర్ చివర్లో ఇక్కడ సూర్యోదయం ఆరున్నరకి అటూఇటూ. ఐదింటికి లేచి "ఇప్పుడే ఇంత చలిగా ఉంటే రాత్రి ఎంత ఉండి ఉంటుందో" అనుకుంటారు కొత్తవాళ్లు, అసలుది ఇంకా ముందుంది. టీవీలో చెప్పే చింతపల్లి టెంపరేచర్ అక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో తీసుకునేది, జనవరి మొదట్లో ఐదు, ఆరు డిగ్రీలు చూపించడం మాకు మామూలే.

ఇప్పుడు సాయంత్రం పనులు. అన్నిటికంటే ముందు కట్టెలు. చలికాలంలో పొద్దున్న పాడయ్యిందంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు కట్టెల వల్లే. కట్టె పగలంతా ఎండలో ఉన్నా సరే, రాత్రి ఆరుబయట వదిలేస్తే మంచు పీల్చేసుకుంటుంది, పొద్దున్న ఊదుతూ ఊదుతూ కళ్లు మండిపోతాయి గానీ మంట రాదు. ఎండ ఉండగానే, అంటే నాలుగున్నరలోపే మర్నాటికి సరిపడా లోపలికి చేర్చేయాలి. మూడు సైజుల్లో విడివిడిగా పెట్టుకోండి, రాజుకోడానికి పుల్లలు, పట్టుకోడానికి వేలు లావువి, నిలబడడానికి చెయ్యి లావువి. రాజుకోడానికి ఎండు వెదురు చీలికల్ని మించింది లేదు, కాకపోతే చీల్చి పెట్టాలి, కణుపు పగలని వెదురు అలాగే మంటలో పెడితే లోపలి గాలి వేడెక్కి ఢామ్మని పేలి నిప్పులు మీద పడతాయి. సిల్వర్ ఓక్ కొమ్మలు కొట్టినప్పటివి ఎండితే బాగానే అంటుకుంటాయి, త్వరగా అయిపోతాయి. నిలబడి కాలాలంటే పాత కాఫీ మొక్కల మొద్దులు, సన్నగా ఉన్నా గట్టి కర్ర, నిప్పు చాలాసేపు ఉంటుంది. కట్టెల మోపు నేల మీద కాకుండా రెండు రాళ్ల మీద దుంగ వేసి దానిపైన పేర్చండి, నేలకి ఆనించి పేరిస్తే తేలు, జెర్రి అందులో కాపురం పెడతాయి. పొద్దున్న చీకట్లో చెయ్యి పెట్టి లాగడం అసలొద్దు, టార్చి వేసి చూసి తీయండి.

పొయ్యిలో నిప్పు రాత్రే ఆర్పేయకండి. అన్నం వండటం అయ్యాక ఒక లావుపాటి మొద్దు బాగా కాలి ఎర్రగా అయినప్పుడు దాన్ని వెనక్కి నెట్టి పైన బూడిద మందంగా కప్పేస్తే గాలి తగలక మెల్లిగా కణకణలాడుతూ పొద్దున్న దాకా ఉంటుంది. మర్నాడు బూడిద పక్కకి తీసి నాలుగు వెదురు చీలికలు పెట్టి గొట్టంతో రెండు ఊదులు ఊదితే చాలు, అగ్గిపెట్టెతో పనే లేదు. మా నాయనమ్మకి ఇది నిద్రలో కూడా వచ్చు. చుట్టుపక్కల గడ్డి, కాగితాలు, గోనెసంచులు లేకుండా చూసుకోవాలి, పిల్లి ఆ వెచ్చదనానికి పొయ్యి దగ్గరే పడుకుంటుంది, తోకతో బూడిద చెదరగొడుతుంది, దాన్ని బయటికి పంపేయడమే మంచిది.

ఇక్కడే ఒక సీరియస్ మాట. ఆ నిప్పుల్ని కుంపట్లో పోసి పడుకునే గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకోవద్దు. బొగ్గు నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు ఉండదు, వాసన ఉండదు, పొగ కూడా కనపడదు, నిద్రలోనే మనిషి పోతాడు. టెంట్లలో ఉండేవాళ్లు కూడా ఈ పని చేస్తుంటారు, వద్దంటే వద్దు. తలనొప్పి, వికారం, మత్తుగా అనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి వచ్చేయాలి. కుంపటి అరుగు మీదకో వసారాలోకో, గాలి ఆడే చోటికి. పడుకునేటప్పుడు వెచ్చగా ఉండాలంటే బొంత మీద రగ్గు, కాళ్లకి మేజోళ్లు, తలకి మంకీ టోపీ, అంతే. వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే స్వర్గం.

నీళ్ల సంగతి. రాత్రి పడుకునే ముందు పెద్ద డేగిసాలో నీళ్లు నింపి పొయ్యి రెండో కన్ను మీద మూత పెట్టి వదిలేయండి, కప్పిన నిప్పు వేడికి పొద్దున్నకి మరగవు గానీ చెయ్యి పెట్టేలా గోరువెచ్చగా ఉంటాయి, మొహం కడుక్కోడానికి అది చాలు. గెడ్డ నీళ్ల గురించి మాత్రం తెలియనివాళ్లు భయపడతారు, నిజానికి ఊట దగ్గర నీళ్లు ఏడాదంతా దాదాపు ఒకే వేడిలో ఉంటాయి, బయట ఆరు డిగ్రీలున్న పొద్దున్న ఊటలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, పైన ఆవిరి కూడా లేస్తుంటుంది. చల్లబడిపోయేది రాత్రంతా ప్లాస్టిక్ ట్యాంకులోనూ పైకి తేలిన నల్ల పైపులోనూ నిలబడిపోయిన నీళ్లు. అందుకని పైపుని జానెడు లోతు మట్టిలో పాతిపెడితే మేలు, అంత ఓపిక లేకపోతే పొద్దున్న కుళాయి తిప్పి ఆ నిలవ నీళ్లు కూరమడికి వదిలేసి తర్వాత వచ్చేవి వాడుకోండి.

తర్వాత కళ్లం. ఇది కాఫీ ఉన్నవాళ్లకే. నవంబర్ నుంచి జనవరి దాకా కోత, కోసిన పండు ఆ రోజే పల్పర్‌లో (పండు తొక్క తీసే మిషన్) తిప్పి, పులియబెట్టి కడిగి, పప్పుని, అంటే పొట్టుతో ఉన్న కాఫీ గింజని కళ్లం మీద ఎండబెడతాం. పగలు ఎంత ఎండినా సాయంత్రం మంచు పడకముందే కుప్ప చేసి బరకం (టార్పాలిన్) కప్పకపోతే ఆ తడి అంతా మళ్లీ గింజలోకి పోతుంది, బూజు వాసన పడుతుంది, రేటు పోతుంది. ఐదు కొట్టేసరికి కప్పేయాలి, అంచుల మీద రాళ్లు పెట్టాలి. పొద్దున్న తొందరపడి బరకం లాగేయడం కూడా అంతే నష్టం, బరకం పైన నిలిచిన నీళ్లన్నీ గింజల మీద ఒలికిపోతాయి. "మంచు ఇడకుండా కళ్లం ముట్టుకోకురా" అని మా నాయనమ్మ ఇప్పటికీ కర్ర పట్టుకుని కాపలా కాస్తుంది.

ఈ ఒక్క మాటలోనే మన పొద్దున్న అంతా ఉంది చూడండి. మంచు విడేదాకా కళ్లం తెరవకూడదు. మంచు విడేదాకా తోటలోకి దిగితే ఆకు మీది నీళ్లకి నడుము దాకా తడిసి వణుకుతూ కోయాలి, కోత కూలీలు కూడా తొమ్మిదికి ముందు రారు. మేకల్ని మంచు గడ్డిలోకి తోలకూడదు, తడి గడ్డి కొసకి పురుగుల పిల్లలు ఎక్కి ఉంటాయి, అది మేస్తే కడుపులో పాములు పడతాయి, గడ్డి ఆరాకే తోలాలి. అంటే ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా చేద్దామన్నా పెద్ద పని లేదు. ఆ మూడు గంటలు మంచు మనకి ఇచ్చిన సెలవు. దాన్ని కట్టెలు వెతుక్కోడానికీ నీళ్లు మోయడానికీ తినేయకుండా మిగుల్చుకోవడమే తెలివి, సాయంత్రం ఇన్ని తిప్పలు పడేది అందుకే.

కోళ్ల పని కూడా సాయంత్రమే తేల్చేయండి. గూడు మూసేటప్పుడే మర్నాటి నూకలు, నీళ్ల గిన్నె రెడీగా పెట్టుకుంటే పొద్దున్న తలుపు తీసి చల్లేయడమే. గూడు అడుగున పొడి ఊక వేస్తే వెచ్చగా ఉంటాయి, పైన కాస్త గాలి పోయే సందు మాత్రం వదలాలి, పూర్తిగా మూసేస్తే లోపల తేమ పట్టి ముక్కు కారే జబ్బులొస్తాయి. చలికాలంలో గుడ్లు తగ్గాయని దిగులు పడకండి, పగలు చిన్నది కదా, వెలుతురు తగ్గితే కోడి పెట్టడం తగ్గిస్తుంది, ఫిబ్రవరికి మళ్లీ అందుకుంటుంది. తలుపు మాత్రం బాగా తెల్లారాకే తీయాలి, మసక చీకట్లో తీస్తే అడవిపిల్లి ఎక్కడో కాచుకునే ఉంటుంది.

ఇంక తిండి. చోడంబలి పొద్దున్న తాగాలంటే చోడిపిండి ముందురోజు మధ్యాహ్నమే నీళ్లలో కలిపి పులవబెట్టాలి, మైదానంలో రాత్రి కలిపితే సరిపోతుంది గానీ ఇక్కడ చలికి పులుపు ఎక్కదు. ఆ కుండని పొయ్యి పక్కన గోడకి ఆనించి గోనెసంచి చుట్టి పెడతాం, పెరుగు తోడు పెట్టిన గిన్నె కూడా దాని పక్కనే, లేకపోతే పొద్దున్న పాలే ఉంటాయి. తెల్లారాక నూకలు ఉడికించి ఈ పిండి పోసి కలుపుతూ ఉడికిస్తే ఐపోయింది. వేసవిలో చల్లారబెట్టి మజ్జిగతో తాగుతాం, చలికాలంలో వేడివేడిగా, నంజుకోడానికి ఉల్లిపాయ, కాల్చిన ఎండుమిరపకాయ. రాజ్మా వండాలనుకుంటే రాత్రే నానబెట్టాలి, ఈ ఎత్తులో నీళ్లు 97 డిగ్రీలకి అటూఇటూగానే మరిగిపోతాయి, అందుకే మైదానంలో కంటే ఉడకడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, కుక్కర్ ఉంటే ఆ బాధ లేదు. జనవరిలో కందికాయలు పచ్చిగా దొరుకుతాయి, కాయలు అలాగే ఉప్పేసి ఉడికించి ఒలుచుకు తింటూ కూర్చుంటే పొద్దు ఎలా గడిచిందో తెలియదు.

కాఫీ మన తోటదే తాగాలని ఉంటే అదీ చెప్తాను, మా ఊళ్లో కాఫీ పండించే ఇళ్లలో సగం మంది తాగేది టీయే, అది వేరే విషయం. బాగా ఎండిన పప్పుని రోట్లో తేలిగ్గా దంచితే పై పొట్టు ఊడుతుంది, చేటలో చెరిగేసి గింజ తీసుకోండి. ఇనుప మూకుడు వేడెక్కాక ఒక పొర పట్టేలా మాత్రమే వేసి చెయ్యి ఆపకుండా తిప్పాలి. ముందు పచ్చిగడ్డి వాసన వస్తుంది, గింజ పసుపుగా మారుతుంది, తర్వాత వేయించిన పేలాల వాసన, గోధుమరంగు, ఆ తర్వాత చిటపటమని పగులుతుంది. ఆ చప్పుడు సద్దుమణిగిన కాసేపటికి దించేయాలి, ఇంకా ఉంచితే నల్లబడి నూనె కక్కి చేదెక్కుతుంది. దించగానే చేటలో పోసి ఎగరేస్తూ చల్లార్చాలి, మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతుంది. వెంటనే తాగకుండా ఒకరోజు డబ్బాలో మూత వదులుగా పెట్టి ఉంచితే రుచి కుదురుతుంది. పొద్దున్న తాగే పొడి పొద్దున్నే దంచుకోండి, బెల్లం వేసి మరిగించి వడకట్టుకుంటే ఫిల్టర్ కూడా అక్కర్లేదు. అంత శ్రమ వద్దనుకుంటే జీసీసీ (గిరిజన సహకార సంస్థ) షాపులో పొడి దొరుకుతుంది, 2019లో అరకు అరబికాకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, బాగానే ఉంటుంది.

గ్యాస్ మీద ఆధారపడేవాళ్లకి ఒక మాట. సిలిండర్ ఖాళీ కావస్తున్నప్పుడు చలికి మంట నీరసపడుతుంది, లోపలున్న బ్యూటేన్ చలిలో సరిగ్గా ఆవిరవ్వదు, సున్నా డిగ్రీల దగ్గరైతే దాదాపు ఆగిపోతుంది. గ్యాస్ అయిపోయిందనుకుని మార్చేస్తారు, పగలు ఎండెక్కాక చూస్తే మళ్లీ వెలుగుతుంది. సిలిండర్‌ని గది లోపల గోడ పక్కన పెట్టుకోండి చాలు, వేడినీళ్లు పోయడం, మంట దగ్గరికి జరపడం లాంటి ప్రయోగాలు చేయకండి. కొబ్బరినూనె గడ్డకట్టింది అని దాన్ని కూడా పొయ్యి మీద పెట్టేవాళ్లున్నారు, సీసాని గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే అదే కరుగుతుంది.

సాయంత్రం ఆఖరి పని, పడుకునే ముందు మంచం పక్కన పెట్టుకోవాల్సినవి. స్వెట్టరు, శాలువా, మేజోళ్లు, టోపీ ఒకదాని మీద ఒకటి, టార్చి చేతికి అందేలా. పొద్దున్న వేసుకునే స్వెట్టర్ని రగ్గు లోపలే పెట్టుకుని పడుకుంటే వెచ్చగా ఉంటుంది, ఇది చేసి చూడండి. లావుపాటిది ఒకటి వేసుకోవడం కంటే పల్చటివి రెండు మూడు వేసుకోవడం మేలు, పొయ్యి దగ్గర ఒకటి విప్పేసుకోవచ్చు. చెప్పులు, బూట్లు నేల మీద వదిలితే పొద్దున్న దులిపి చూడకుండా కాలు పెట్టొద్దు.

ఇవన్నీ అయితే పొద్దున్న ఏముంది, చాలా తేలిక. ఐదున్నరకి లేస్తాం, స్వెట్టరు వేసుకుని నేరుగా పొయ్యి దగ్గరికి. బూడిద తీసి చీలికలు పెట్టి ఊదితే మంట, గోరువెచ్చటి నీళ్లతో మొహం, ఆ నీళ్ల డేగిసా దించి కాఫీ గిన్నె పైకి. పొయ్యి మూలన బూడిదలో రెండు మూడు చిలగడదుంపలు పూడ్చేస్తాం, అవి మగ్గడానికి అరగంట, ముప్పావుగంట పడుతుంది, ఆలోగా కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీదకి. కూర్చునే చోట పొడి గోనె వేసుకోండి, సిమెంటు అరుగు చలి నడుములోకి ఎక్కేస్తుంది. ఫోన్ లోపల వదిలేయండి, ఎలాగూ మంచులో సిగ్నల్ కోసం తిరగాలి.

మొదటి పావుగంట ఏమీ కనపడదు, వినపడుతుంది. వాన పడుతోందా అనుకుంటారు కొత్తవాళ్లు, తోటంతా టపటపమని చప్పుడు. వాన కాదు, సిల్వర్ ఓక్ ఆకులు మంచుని పట్టి చుక్కలు చేసి కింద రాలుస్తాయి, చెట్టు కింద నేల తడిసి నల్లగా ఉంటుంది, రెండడుగులు ఇవతల ఖాళీ జాగాలో దుమ్ము దుమ్ముగానే ఉంటుంది. తర్వాత కోడి కూత. మన పుంజు ఒకటి కూస్తుంది, దానికి జవాబుగా కింద గెడ్డ వైపు నుంచి అడవికోడి కూస్తుంది, రెండూ కొక్కొరొకోనే కానీ అడవికోడి కూత చివర్లో సాగదు, టక్కున తెగిపోతుంది, ఓ వారం వింటే ఎవరికైనా తేడా పట్టుబడుతుంది. వెలుతురు కాస్త వచ్చాక కొండగోరింకలు ఓక్ చిటారు కొమ్మల్లో ఈలలు మొదలెడతాయి. పిల్లలుంటే ఏది ఏ పిట్టో పందెం వేయండి, అరగంట కదలకుండా కూర్చుంటారు.

మంచులో వాకింగ్ అని చీకట్లోనే అడవిలోకి పోవడం మాత్రం నాకు నచ్చదు. తెల్లారేముందు ఎలుగుబంటి తిరిగే టైమ్, మంచులో అది మనకి కనపడదు, మనం దానికి కనపడం, దగ్గరికి పోయేదాకా ఇద్దరికీ తెలియదు. పనస పండే కాలం, ఇప్పపూలు రాలే కాలం ఇంకా జాగ్రత్త. పోవాలంటే బాగా వెలుగొచ్చాక ఇద్దరు కలిసి మాట్లాడుకుంటూ పొండి. చలికి మంచిదని పొద్దున్నే జీలుగు కల్లు పోస్తారు, రుచి బాగుంటుంది, కాదనను, కానీ ఒళ్లు వెచ్చబడిందనిపించడం పైపైనే, లోపలి వేడి అప్పుడే ఎక్కువ పోతుంది, అంబలి తాగాక ఓ గ్లాసు అయితే పర్లేదు, పరగడుపున వద్దు.

ఏడు దాటాక దుంపలు తీసి పొట్టు వలిచి తింటుంటే పైన తెల్లటి చోట కాస్త పసుపు రంగు కనపడుతుంది, సూర్యుడు వచ్చాడన్నమాట, కానీ మంచు అప్పుడే పోదు, చాలాసార్లు ఎండ తగిలాక ఇంకా చిక్కబడుతుంది, లోయలోది పైకి లేస్తుంది కదా. అది విడేసరికి ఎనిమిదిన్నర, కొన్నిరోజులు పది. అప్పుడు అంబలి. బరకం మీద నీళ్లు చీపురుతో ఒక పక్కకి ఊడ్చేసి, అది ఆరాక మడత పెట్టి, కళ్లం తెరిచి గింజ పల్చగా పరిచేయడం, మేకల కట్లు విప్పడం, ఇంక రోజు మొదలు.

శని, ఆదివారాలు చుట్టాలొస్తామంటే ఈ టైమింగ్స్ ముందే చెప్పేయండి. చాలామంది రాత్రి రెండింటికి నర్సీపట్నంలో బయల్దేరి మంచులో ఘాట్ ఎక్కుతారు, ఎదురుగా పది గజాలు కనపడదు, డిసెంబర్, జనవరి వీకెండ్లలో లంబసింగి జంక్షన్లో కార్లు ఇరుక్కుపోయి తెల్లారేదాకా హారన్లే. ముందురోజు మధ్యాహ్నమే ఎక్కేసి రమ్మనండి, నర్సీపట్నంలోనే పెట్రోలు కొట్టించుకోమనండి, తలా ఒక రగ్గు తెచ్చుకోమనండి, మన దగ్గర అందరికీ సరిపడా ఉండవు. తిరిగి దిగేటప్పుడు కూడా మంచు విడ్డాకే, హై బీమ్ వేస్తే తెల్లగోడలా ఎదురు కొడుతుంది కాబట్టి డిప్ లోనే. వచ్చినవాళ్లకి సాయంత్రం కట్టెల పని మాత్రం తప్పకుండా అప్పగించండి.